బధిర ప్రముఖుల ప్రదర్శన ఊళ్లో పెట్టాలంటే

ఏటా సెప్టెంబరు 23 అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినం. 1951లో అదే తేదీన రోమ్‌లో ప్రపంచ బధిరుల సమాఖ్య ఏర్పడింది, అందుకే ఆ రోజును ఎంచుకున్నారు. బడిలోనో, శాఖా గ్రంథాలయంలోనో, పంచాయతీ హాల్లోనో బధిర ప్రముఖుల మీద ప్రదర్శన పెట్టడానికి ఆ నెల చివరి వారమే తగిన సమయం. చిక్కల్లా ఒకటే. గోదావరి డెల్టాలో అవి వానలు వదలని రోజులు, పైగా వినాయక చవితికీ దసరాకీ మధ్య ఇరుక్కున్న రోజులు. అమలాపురంలోనైనా, పాలకొల్లులోనైనా ఫ్లెక్సీ షాపులవాళ్లకూ షామియానా వాళ్లకూ అప్పుడు ఊపిరి సలపదు. ఆగస్టు మొదటి వారంలో మొదలుపెడితేనే పని తెములుతుంది.

చాలాచోట్ల ఇలాంటి ప్రదర్శన అంటే పన్నెండు ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ‘వైకల్యాన్ని జయించిన ధీరుడు’ అని ఒక వాక్యం. చూసి వెళ్లిన పిల్లాడికి జాలి మిగులుతుంది, విషయం మిగలదు. మీరు పెట్టే ప్రతి బోర్డూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాలి: చెవి సాయం లేకుండా ఈ మనిషి ఆ పని ఎలా చేశారు? ఏ పనిముట్టుతో చేశారు, పక్కవాళ్లతో ఏ భాషలో మాట్లాడారు? ఆ జవాబు దొరకని పేరును, ఎంత పెద్దదైనా సరే, పక్కన పెట్టేయండి.

ఎవరిని తీసుకోవాలి

ముందుగా పాతిక పేర్లు రాసుకుని, ఒక్కొక్కరి ఎదుటా మూడు సంగతులు నింపండి: వినికిడి ఎప్పుడు పోయింది, ఎంత పోయింది, మాట్లాడుకున్నది ఎలా. ఇది నింపుతుంటేనే తప్పులు బయటపడతాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు అలెగ్జాండర్ గ్రాహం బెల్. ఆయన బధిరుడు కాదు. తల్లికీ భార్యకూ వినపడేది కాదు, ఆయన బధిర పిల్లలకు పాఠాలు చెప్పిన గురువు. కాకపోతే సైగల కంటే నోటిమాటకే మొగ్గిన గురువు. ఎడిసన్‌కు వినికిడి బాగా తగ్గింది గానీ బ్రహ్మచెముడు కాదు. హెలెన్ కెల్లర్‌కు 19 నెలల వయసులో చూపూ వినికిడీ రెండూ పోయాయి, కాబట్టి ఆమెను బధిరాంధురాలు అని రాయాలి. ఆమెకు మాట అందింది అరచేతిలో వేళ్లతో రాసే అక్షరాల ద్వారా, అది వేరే దారి. 1904లో పట్టా పుచ్చుకుంది, 1955లో మన దేశానికి వచ్చింది.

పుట్టు చెవుడు ఉన్నవారినీ, నడివయసులో వినికిడి పోయినవారినీ ఒకే గాటన కట్టకండి. సంగీతకర్త బీథోవెన్‌కు 28 ఏళ్ల ప్రాంతంలో మొదలైంది. అప్పటికి సంగీతమంతా ఆయన తలలో ఉంది. పసితనం నుంచే వినని ఖగోళ పరిశీలకుడు జాన్ గుడ్‌రిక్ సంగతి అది కాదు. ఈ తేడా బోర్డు మీద పై వరసలోనే కనపడాలి.

వడపోశాక ఎనిమిది, పది బోర్డులు చాలు. పన్నెండు దాటితే పిల్లలు చివరి నాలుగిటినీ చూడకుండా నడిచిపోతారు.

చుక్కల బల్ల

వాటిలో మూడింటిని కలిపి ఒకే మూలన పెట్టండి. ప్రదర్శన మొత్తానికి ఆయువుపట్టు ఇదే అవుతుంది, ఎందుకంటే ఈ ముగ్గురు బధిరులూ చేసింది నక్షత్రాల పనే.

మొదటివాడు గుడ్‌రిక్. 1764లో పుట్టాడు. ఇంగ్లండులోని యార్క్ నగరంలో కిటికీలోంచి ఆకాశం చూస్తూ ఆల్గాల్ అనే నక్షత్రం నియమం తప్పకుండా మసకబారుతోందని పట్టుకున్నాడు. ఏదో వస్తువు దానికి అడ్డంగా తిరుగుతూ ఉండవచ్చని 1783లోనే ఊహించాడు. ఆ ఏడాదే రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. 1784లో డెల్టా సెఫీ అనే మరో నక్షత్రం వెలుగు హెచ్చుతగ్గులు కనిపెట్టాడు. 1786లో, 21 ఏళ్లకే పోయాడు. డెల్టా సెఫీ పేరు మీదే ఆ జాతి నక్షత్రాలన్నిటికీ సెఫీడ్లు అని పేరు వచ్చింది. రెండో మనిషి హెన్రియెటా లీవిట్, పెద్దయ్యాక క్రమంగా వినికిడి కోల్పోయినామె. హార్వర్డు అబ్జర్వేటరీలో గాజుపలకల ఫొటోలు పరిశీలించి, వెలుగు హెచ్చుతగ్గుల చుట్టుకు ఎక్కువ రోజులు పట్టే సెఫీడ్ ఎక్కువ కాంతివంతమని 1912లో 25 నక్షత్రాలతో చూపించింది. దూరపు గెలాక్సీలకు కొలబద్ద దొరికింది అక్కడే. మూడో మనిషి అదే అబ్జర్వేటరీలో పనిచేసిన ఆనీ జంప్ కానన్. దాదాపు పూర్తిగా వినపడని ఆమె సుమారు మూడున్నర లక్షల నక్షత్రాలను వర్ణపటాన్ని బట్టి తరగతులుగా విడదీసింది. ఈ రోజుకీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న వరస అదే.

బల్ల మీద ఒక నమూనా ఉండాలి. 4 అంగుళాల పాలరంగు గ్లోబు ఉన్న ఎల్ఈడీ బల్బును స్టాండుకు బిగించండి. దాని ముందుగా తిరిగేలా, సన్నటి కర్ర చివర దాదాపు అంతే సైజు కాగితపు బంతిని కట్టండి. బంతి మధ్యభాగం బల్బు మధ్యభాగం కంటే ఒక అంగుళం ఎత్తులో ఉండాలి. సరిగ్గా ఎదురుగా పెడితే బల్బు మొత్తం మూసుకుపోతుంది, ఆల్గాల్ అలా పూర్తిగా ఆరదు, పాక్షికంగానే మరుగవుతుంది. చూసేవాళ్లు 10 అడుగుల దూరంలో నిలబడాలి. గది చీకటి చేసేముందే చెప్పాల్సిందంతా చెప్పేయండి. చీకట్లో చేతులు కనపడవు, అంటే సైగల్లో మాట ఆగిపోయినట్టే.

అసలు నక్షత్రాన్ని సెప్టెంబరులో చూపించాలని ఆశపడకండి. అప్పుడది రాత్రి 8 గంటల ప్రాంతంలో గానీ ఉదయించదు, మబ్బులూ కొబ్బరిచెట్లూ అడ్డు. డిసెంబరు చివర్లో రాత్రి 9 గంటలకు ఉత్తరాన బాగా ఎత్తుకు వస్తుంది. మేడ మీదకో, చెట్లు లేని కాలువగట్టు మీదకో వెళ్లండి. కృత్తికల నుంచి శర్మిష్ఠ (కాసియోపియా) నక్షత్రమండలం వైపు ఊహలో ఒక గీత గీస్తే, కృత్తికల దగ్గర నుంచి అయిదింట రెండు వంతుల దూరంలో ఆల్గాల్ ఉంటుంది. దానికి ఉత్తరంగా ఇంకొంచెం ప్రకాశంగా ఉన్నది మిర్ఫాక్, రెండిటినీ తారుమారు చేసుకోకండి. మామూలు రోజుల్లో ఆల్గాల్ ప్రకాశం 2.1 (ఈ కొలతలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు). దగ్గర్లోని ఆల్మాక్ నక్షత్రంతో సమానంగా కనిపిస్తుంది. మసకబారినప్పుడు 3.4కు దిగుతుంది, అప్పుడు పక్కనున్న 2.9 ప్రకాశపు ఎప్సిలాన్ పెర్సీ కంటే కూడా వెలవెలబోతుంది. దిగడానికి సుమారు 5 గంటలు, తిరిగి ఎక్కడానికి 5 గంటలు. చుట్టు కాలం 2 రోజుల 20 గంటల 49 నిమిషాలు. ఒక రాత్రి సరిగ్గా 12 గంటలకు బాగా మసకబారితే, మూడు రాత్రుల తర్వాత 8 గంటల 49 నిమిషాలకు మళ్లీ మసకబారుతుంది. పిల్లలు అరగంటకోసారి పోల్చి నోటుబుక్కులో రాసుకుంటే గుడ్‌రిక్ చేసిన పని ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మిగతా బోర్డుల్లో ఏం చూపించాలి

బీథోవెన్ బోర్డు కింద ఒక చిన్న బల్ల, రూళ్ల నోటుబుక్కు, దారంతో కట్టిన పెన్సిలు పెట్టండి. 1818 నుంచి ఆయన ఇంటికి వచ్చినవాళ్లు చెప్పదలచుకున్నది నోటుబుక్కుల్లో రాసేవారు. వందకు పైగా పుస్తకాలు ఇప్పటికీ మిగిలాయి. ఆయన చాలావరకు నోటితోనే బదులిచ్చేవాడు కాబట్టి వాటిలో ఎదుటివాళ్ల మాటలే ఎక్కువ. చూడటానికి వచ్చినవాళ్లను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరు రాయాలి, ఒకరు మాట్లాడాలి అని పెట్టండి. అయిదు నిమిషాల తర్వాత ఆ పుటను మూడోవాడికి ఇస్తే సగం సంభాషణ ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. 1824 మే 7న వియన్నాలో తొమ్మిదో సింఫనీ మొదటి ప్రదర్శన అయ్యాక, చప్పట్లు కనపడేలా గాయని ఒకామె ఆయన్ను సభ వైపు తిప్పిన సంగతి ఈ బోర్డులో తప్పక ఉండాలి.

రష్యా శాస్త్రవేత్త త్సియొల్కోవ్‌స్కీకి పదేళ్ల ప్రాయంలో స్కార్లెట్ ఫీవర్ వచ్చి వినికిడి చాలావరకు పోయింది. బడి సాగలేదు. మాస్కో గ్రంథాలయంలో కూర్చుని తనే చదువుకుని, రాకెట్ ఎంత వేగం అందుకుంటుందో లెక్కగట్టే సమీకరణాన్ని 1903లో ప్రచురించాడు. వినడానికి రేకుతో పెద్ద గరాటులు తనే చేసుకున్నాడు. మీ ఊరి రేకుపనివాడితో 2 అడుగుల పొడవు గరాటు చేయించండి. సన్నటి కొన చెవిలో దూరకుండా అంచు మడత పెట్టించి గుడ్డ చుట్టండి. పిల్లలు చెవి దగ్గర పెట్టుకుంటారు గనుక ప్రతి ఒక్కరి తర్వాతా తుడవాలి, గరాటులోకి అరవనివ్వకూడదు.

లోరాన్ క్లెర్క్‌కు ఒక బోర్డు పూర్తిగా ఇవ్వండి. 1785లో ఫ్రాన్సులో పుట్టాడు. పసివాడిగా నిప్పులో పడితే చెంప మీద మచ్చ మిగిలింది. చూపుడువేలూ నడిమివేలూ కలిపి చెంప మీద రాస్తే అదే ఆయన సైగపేరు, అంటే సైగల్లో ఆయన్ను పిలిచే గుర్తు. 1816లో అమెరికావాడైన థామస్ గాలడెట్‌తో ఆ దేశానికి ఓడెక్కి 52 రోజులు ప్రయాణించాడు. దారిలో క్లెర్క్ గాలడెట్‌కు సైగలు నేర్పాడు, గాలడెట్ క్లెర్క్‌కు ఇంగ్లీషు నేర్పాడు. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బధిరుల బడి తెరిచారు. ఈ బోర్డు దగ్గర నిలబడే బధిర విద్యార్థి తన సైగపేరు చూపించి, అదెలా వచ్చిందో చెబితే జనం అక్కడే ఆగిపోతారు. సైగపేరు వినేవాళ్లు తమంత తాము పెట్టుకునేది కాదు, బధిరులు పెట్టాలి. సందర్శకులందరికీ పేర్లు పంచిపెట్టమని ఆ పిల్లల్ని ఒత్తిడి చేయకండి.

షార్ల్ నికోల్, జాన్ కార్న్‌ఫర్త్ ఇద్దరూ నోబెల్ గ్రహీతలు. కార్న్‌ఫర్త్‌కు (1975, రసాయన శాస్త్రం) తరగతిలో పాఠం వినపడక అసలు పరిశోధన పత్రాలే చదువుకున్నాడు, ప్రయోగశాలనే నమ్ముకున్నాడు. నికోల్ (1928, వైద్యం) టైఫస్ జ్వరం ఒంటిపేల ద్వారా వస్తుందని తేల్చాడు. ఇక్కడ ‘టైఫాయిడ్’ అని అచ్చవడం పరిపాటి, ప్రూఫులో రెండుసార్లు చూసుకోండి. టైఫాయిడ్ నీళ్ల ద్వారా, తిండి ద్వారా వచ్చేది, జబ్బే వేరు.

మన దేశం నుంచి సతీశ్ గుజ్రాల్ తప్పనిసరి. ఎనిమిదో ఏట వినికిడి పోయింది. చిత్రకారుడు, శిల్పి, ఢిల్లీలో బెల్జియం రాయబార కార్యాలయ భవనాన్ని రూపకల్పన చేసినవాడు. 1999లో పద్మవిభూషణ్ వచ్చింది. కుస్తీవీరుడు వీరేందర్ సింగ్‌కు 2021లో పద్మశ్రీ. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో సంజ్ఞా భాషలో వాదన వినిపించిన న్యాయవాది సారా సన్నీ. మన రాష్ట్రం నుంచి కర్నూలు అమ్మాయి షేక్ జఫ్రీన్, 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం. ఈ ముగ్గురినీ ఒకే బోర్డులో పెట్టవచ్చు. బధిరుల ఒలింపిక్స్ 1924లో పారిస్‌లో మొదలయ్యాయనీ, మొదలుపెట్టించిన యూజీన్ రూబెన్స్ అల్కే కూడా బధిరుడేననీ కింద రెండు వాక్యాలు చాలు.

మిలాన్ సభ గురించి ఒక బోర్డు లేకపోతే ఈ ప్రదర్శన అసంపూర్ణం. 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద సభ జరిగింది. హాజరైన 164 మందిలో బధిరుడు ఒకే ఒక్కడు. బడుల్లో సైగలు వద్దు, నోటిమాటే నేర్పాలి అని తీర్మానించారు. బధిర ఉపాధ్యాయులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, పిల్లల చేతులు కట్టేసినంత పని అయింది. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన ఇదే వరస సభ ఆ తీర్మానాలను తోసిపుచ్చింది. పక్కనే 1988 మార్చి: అమెరికాలో బధిరుల కోసం ఉన్న గాలడెట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు వారం రోజులు పట్టుబట్టి మొట్టమొదటిసారిగా బధిరుడైన అధ్యక్షుణ్ణి, కింగ్ జోర్డాన్‌ను సాధించుకున్నారు. గొప్పవాళ్లు ఎందుకు ఇంతమందే కనపడుతున్నారు అని పిల్లలు అడుగుతారు. జవాబు ఈ బోర్డులో ఉంది.

రాత, అచ్చు

‘చెవిటి’, ‘మూగ’ అన్న మాటలు బోర్డుల్లో వాడకండి. బధిరులు, వినికిడి తగ్గినవారు అంటే చాలు. ‘చెవిటివాడి ముందు శంఖం’ లాంటి సామెత ప్రారంభోపన్యాసంలో వక్త నోట రాకుండా ముందే చెప్పి ఉంచండి, అలవాటుగా దొర్లిపోతుంది. పుట్టుకతో వినని చాలామందికి తెలుగు రెండో భాష, మొదటిది సైగలే. అందుకే వాక్యాలు పొట్టిగా ఉండాలి, బోర్డుకు 60 నుంచి 80 మాటలు మించకూడదు. ‘గుడ్‌రిక్ చిన్ననాటి నుంచే వినికిడి లోపంతో బాధపడుతున్నప్పటికీ అకుంఠిత దీక్షతో’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘గుడ్‌రిక్‌కు పసితనం నుంచి వినపడదు. రోజూ రాత్రి ఒకే నక్షత్రాన్ని చూశాడు. పక్క నక్షత్రాలతో పోల్చాడు. టైము రాసుకున్నాడు.’ అని రాయండి.

బోర్డు సైజు 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. విషయం 48 పాయింట్లు, వరసకూ వరసకూ మధ్య 72 పాయింట్లు. అంతకంటే బిగిస్తే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద ఎక్కుతాయి. మెరిసే ఫ్లెక్సీ వద్దు, ట్యూబులైటు ప్రతిబింబిస్తుంది, మాట్ రకం అడగండి. అచ్చులో అసలు ప్రమాదం ఫాంటుతో. ఫోనులో టైపు చేసింది యూనికోడ్, షాపులో వాడేది తరచు అను ఫాంట్లు. అతికించగానే వత్తులు విడిపోయి ‘నక్షత్రం’ కాస్తా ‘నక్‌షత్‌రం’ అవుతుంది. మీ కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి ఇవ్వండి, లేదా అక్షరాలను కర్వ్స్‌గా మార్పించండి. చిన్న సైజు నమూనా ఒకటి తీయించి చదివాకే మిగతావి వెయ్యమనండి.

వేలి అక్షరాల చార్టు పెట్టేటప్పుడు నెట్‌లో ముందుగా దొరికే ఒంటిచేతి చార్టు దించేస్తారు. అది అమెరికాది. మన భారతీయ సంజ్ఞా భాషలో ఇంగ్లీషు అక్షరాలకు రెండు చేతులూ వాడతారు. 2015లో ఢిల్లీలో ఏర్పాటైన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 మాటల నిఘంటువు తెచ్చింది. అందులో చూసుకుని, మీ దగ్గరి బధిరులకు చూపించి ఖాయం చేయండి. ఊరికో వాడుక ఉంటుంది, వాళ్ల మాటే చెల్లాలి.

ప్రతి బోర్డుకూ రెండు నిమిషాల సైగల వీడియో తీయండి. చేసేవారు బధిరులే కావాలి. తల పైన ఒక బెత్తెడు, కింద నడుము దాకా, పక్కలకు మోచేతులు చాచినా కనపడేంత చోటు ఫ్రేములో ఉండాలి. వెనక సాదా గోడ, ఒంటి రంగుకు భిన్నంగా గళ్లూ పువ్వులూ లేని చొక్కా. బోర్డు మీద ఆ వీడియోకు దారితీసే క్యూఆర్ కోడ్ అడుగు దూరం నుంచి స్కాన్ చేసేదైతే 4 సెంటీమీటర్లు, మీటరు నుంచైతే 10 సెంటీమీటర్లు. హాల్లో సిగ్నలు నమ్ముకోకుండా వీడియోలన్నీ ఒక ట్యాబ్‌లోకి దించి పెట్టుకోండి.

హాలు

బోర్డు మధ్యభాగం నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. నడిచే దారి 6 అడుగులకు తగ్గకూడదు. సైగల్లో మాట్లాడుకునేవాళ్లు ఒకరినొకరు చూసుకుంటూ పక్కపక్కన నడుస్తారు, ఇరుకైతే మాట తెగిపోతుంది. గోడ చాలకపోతే సరుగుడు కర్రలతో స్టాండ్లు కట్టించండి, అడుగున ఇసుక బస్తా పెట్టండి. షామియానా కింద పెట్టవద్దు. ఒక్క వాయుగుండానికి అంతా ఆగమవుతుంది. డాబాలో కూడా వానజల్లు కొట్టే కిటికీ గోడ వదిలేయండి, ఫ్లెక్సీ తడిస్తే పోదు గానీ దాని వెనక అట్ట ఉబ్బిపోతుంది.

కరెంటు పోతే వినేవాళ్ల సభ మైకు లేకుండా నడుస్తుంది. బధిరుల సభ ఆగిపోతుంది. చార్జింగు లైట్లు రెండు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, ఒకటి మాటను సైగల్లోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్ ముఖం మీద పడేలా. ఇంటర్‌ప్రెటర్‌ను కిటికీకి వీపు చేసి నిలబెట్టకండి, వెనక వెలుగుకు ముఖం నల్లబడిపోతుంది. కుర్చీలు వరసలుగా కాకుండా అర్ధచంద్రాకారంలో వేయండి. గంట దాటే కార్యక్రమమైతే ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు కావాలి, 20 నిమిషాలకోసారి మారాలి. అలిసిన చేతుల నుంచి తప్పులు దొర్లుతాయి. మాట్లాడేవాళ్లు బధిరుల వైపే చూసి మాట్లాడాలి. ‘ఆయన్ను అడగండి’ అని ఇంటర్‌ప్రెటర్‌తో అనడం మర్యాద కాదు. అందరి దృష్టీ కావాలంటే లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించండి. దగ్గరివారికైతే భుజం మీద మెల్లగా తట్టండి. చప్పట్లకు బదులు రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించమని మొదట్లోనే చూపించండి.

బోర్డుల దగ్గర వివరించేవాళ్లు వీలైనంతవరకు బధిర విద్యార్థులే కావాలి. ఒక్కొక్కరికి రెండు బోర్డులు అప్పగించి, వారం ముందు నుంచి సాధన చేయించండి. బడిపిల్లలను ఒక విడతకు 15 మంది చొప్పున పంపండి. ఎక్కువైతే వెనకవాళ్లకు చేతులు కనపడవు, కనపడకపోతే అల్లరి మొదలవుతుంది. పిల్లాడు పొరపాటు చేస్తే అందరి ముందూ మాస్టారు అడ్డుపడి సరిదిద్దకూడదు, విడత అయ్యాక చెప్పాలి. ముఖ్య అతిథి ఉపన్యాసం పది నిమిషాలకు కుదించండి. వక్త ముందే కాగితం ఇస్తే ఇంటర్‌ప్రెటర్‌కు పేర్లు, తేదీలు చూసుకునే వీలుంటుంది. త్సియొల్కోవ్‌స్కీ లాంటి పేరును అప్పటికప్పుడు వేళ్లతో రాయడం ఎవరికైనా కష్టమే.

అయిపోయాక ఫ్లెక్సీలను మడత పెట్టకండి, మడత దగ్గర రంగు రాలిపోతుంది. తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, అచ్చు వైపు బయటికి వచ్చేలా 4 అంగుళాల పీవీసీ పైపు మీద చుట్టి, పాత చీర చుట్టి పురికొసతో కట్టండి. పైపు మీద బోర్డుల పేర్లు, వరస అంకెలు మార్కరుతో రాసి, వీడియోలున్న పెన్‌డ్రైవ్‌ను కవరులో పెట్టి లోపలే ఉంచండి. రాజోలు నుంచి నరసాపురం వెళ్లినా, భీమవరం వెళ్లినా అదే కట్ట మళ్లీ గోడెక్కుతుంది.